అపర చాణక్యులే తప్ప అపర అశోకులు లేరా?

రాజకీయాల్లో ఎత్తుకు పైఎత్తు వేసి గెలిచినవాణ్ణి మన పత్రికలు 'అపర చాణక్యుడు' అంటాయి. ఎమ్మెల్యేలను అటూ ఇటూ మార్చి ఒక ప్రభుత్వాన్ని నిలబెట్టినా అదే బిరుదు, పడగొట్టినా అదే బిరుదు. మన తెలుగువాడైన పి.వి. నరసింహారావు గారిని దేశమంతా ఆ పేరుతోనే పొగిడింది. కానీ ఎవరినైనా 'అపర అశోకుడు' అని పొగడగా మనం విన్నామా? జాతీయ జెండా మీద అశోకుడి ధమ్మచక్రం ఉంది. ప్రభుత్వ కాగితం ప్రతిదాని మీదా ఆయన సారనాథ్ సింహాలు ఉన్నాయి. నాలుక మీద మాత్రం చాణక్యుడే ఉన్నాడు. బడి పుస్తకంలో అశోకుడు దారికి ఇరుపక్కలా చెట్లు నాటించిన మంచి రాజు, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. అంతటితో సరి.

ఈ తేడా దానంతటదే రాలేదు. మౌర్యుల కాలాన్ని మనకు ఎవరు చెప్పారు, ఎలా చెప్పారు అన్నదాన్ని బట్టి వచ్చింది. ఇప్పటి తరానికి ఆ కాలాన్ని చెప్పింది చరిత్ర పుస్తకాలు కాదు, టీవీ. అందులో అందరికన్నా ఎక్కువ గౌరవం పొందిన ధారావాహిక దూరదర్శన్ 'చాణక్య'. 1991 సెప్టెంబరు నుంచి 1992 ఆగస్టు దాకా 47 భాగాలుగా వచ్చింది. చంద్రప్రకాశ్ ద్వివేది రాసి, దర్శకత్వం వహించి, చాణక్యుడి పాత్రను తానే వేశారు. 2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ దాన్ని మళ్లీ ప్రసారం చేసింది. మొదటిసారి చూసినవాళ్ల పిల్లలు ఇప్పుడు ఫోన్లలో చూస్తున్నారు. అందులోని మాటలు ముక్కలు ముక్కలుగా వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. కాబట్టి ముప్పై ఏళ్లు దాటినా దీని గురించి మాట్లాడుకోవడం పాత లెక్కలు తవ్వడం కాదు.

ముందుగా దానికి దక్కవలసిన మెప్పు దక్కాలి. అంతకుముందు వచ్చిన 'రామాయణం', 'మహాభారతం' ధారావాహికల్లోని తళుకు కిరీటాలూ, గాలిలో ఢీకొనే బాణాలూ ఇందులో లేవు. నూలు బట్టలు, మట్టి గోడలు, నూనె దీపాలు, మనుషులు మనుషుల్లా కూర్చుని మాట్లాడుకోవడం ఇందులో కనిపిస్తాయి. చదివి, వెతికి తీసిన పని అని తెలుస్తుంది. పన్నుల గురించి, గూఢచారుల గురించి, మంత్రిమండలిలో తగాదాల గురించి ఒక టీవీ ధారావాహిక అంత ఓపికగా మాట్లాడటం అప్పటికి కొత్త. సంస్కృతం నిండిన ఆ హిందీ ఉత్తరాది వాళ్లలో కొందరికి బరువనిపించి ఉండవచ్చు. తత్సమ పదాలకు అలవాటు పడిన తెలుగు చెవికి మాత్రం అది సులువుగానే ఎక్కింది. అప్పటికే మనకు ఆ కథ పరిచయం కూడా. 1977లో 'చాణక్య చంద్రగుప్త' సినిమాలో అక్కినేని చాణక్యుడిగా, ఎన్టీఆర్ చంద్రగుప్తుడిగా వేశారు. శివాజీ గణేశన్ అలెగ్జాండర్. ఆ సినిమా చూసినవాళ్లకు దూరదర్శన్ చాణక్యుడు ఇంటికి వచ్చిన పాత చుట్టంలాగే అనిపించాడు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఈ ధారావాహిక లెక్కలో అధికారం అంటే ఏమిటి?

కథ తెలిసిందే. పాటలీపుత్రంలో ధననందుడి పాలన చెడిపోయింది. చాణక్యుడు తక్షశిలలో ఆచార్యుడు. అలెగ్జాండర్ దండెత్తి వస్తాడు, చిన్న చిన్న రాజ్యాలు ఒక్కొక్కటిగా లొంగిపోతాయి. దేశాన్ని ఒకటి చేయాలని చాణక్యుడు మగధకు వస్తాడు. నందుడి సభలో అవమానం జరుగుతుంది. శిఖ ముడి విప్పి ప్రతిజ్ఞ చేస్తాడు. శిష్యుడైన చంద్రగుప్తుణ్ణి సింహాసనం మీద కూర్చోబెట్టి, చివరికి శత్రువు మంత్రి రాక్షసుణ్ణి కూడా తన దారికి తెచ్చుకుంటాడు. గురువు సామాన్యుడు కాడు, సృష్టీ ప్రళయమూ అతని ఒడిలోనే పెరుగుతాయి అనే అర్థం వచ్చే మాట ఈ ధారావాహికలో అన్నిటికన్నా పేరుపడ్డ మాట. గురుపూజా దినాలకు ఇప్పటికీ అదే పంచుకుంటారు.

ఆ ఒక్క మాటలో ధారావాహిక సారమంతా ఉంది. రాజ్యం అనేది జనం నుంచి రాదు. రాజు నుంచి కూడా రాదు. గురువు నుంచి వస్తుంది. ఆ గురువు పుట్టుకతో బ్రాహ్మణుడు. రాజు అతని చేతిలో మట్టి ముద్ద. జనం ఆ మట్టి ముద్దకు జేజేలు కొట్టే గుంపు. రాజు దుర్మార్గుడో కాదో తేల్చేదీ గురువే, కొత్త రాజును ఎంచేదీ గురువే. ఆ గురువు తప్పు చేస్తే అతన్ని అడిగేదెవరు అన్న ప్రశ్న 47 భాగాల్లో ఎక్కడా గట్టిగా వినపడదు.

కాలం కూడా చూడాలి. 1990 ఆగస్టులో మండల్ సిఫార్సుల అమలు ప్రకటన వచ్చింది. 1991 బాబాసాహెబ్ శతజయంతి పూర్తయిన ఏడాది. శూద్రులూ అతిశూద్రులూ అధికారంలో వాటా అడుగుతున్న రోజులవి. ఇంకోవైపు అయోధ్య రథయాత్రల రోజులు కూడా అవే. ధారావాహిక ముగిసిన నాలుగు నెలలకు, 1992 డిసెంబరు 6న, బాబాసాహెబ్ పరినిర్వాణ దినం నాడే, బాబ్రీ మసీదును కూల్చారు. ఒకదాని వల్ల ఇంకొకటి జరిగిందని అనడం లేదు. అయితే అధికారం ఎవరిది అని దేశమంతా వాదించుకుంటున్న సమయంలో, దూరదర్శన్ ఆదివారపు తెర మీద ఒక బ్రాహ్మణ ఆచార్యుడు శూద్ర వంశపు రాజును దించి దేశాన్ని నిలబెట్టాడన్నది మాత్రం వాస్తవం. చూసేవాడి మనసులో ఆ రెండూ పక్కపక్కనే కూర్చుంటాయి.

శూద్ర వంశపు రాజు అన్నది ఊరికే అన్న మాట కాదు. మహాపద్మ నందుడు శూద్ర స్త్రీకి పుట్టినవాడనీ, క్షత్రియులందరినీ తుడిచిపెట్టాడనీ పురాణాలు చెప్పాయి. గ్రీకు, లాటిన్ రచయితలు ఆ వంశాన్ని మంగలి వంశమన్నారు. నందుల గురించి మనకు దొరికే మాటల్లో ఎక్కువ భాగం వాళ్లంటే పడనివాళ్లు చెప్పినవే. కానీ కళింగలో హాథీగుంఫా గుహ మీద ఖారవేలుడు చెక్కించిన శాసనంలో నందరాజు ఇంకో రూపంలో కనిపిస్తాడు. అక్కడ అతను కాలువ తవ్వించిన రాజు. రాయి మీద నీళ్లు పారించిన మనిషి తెర మీద తాగి తూలే నియంతగా మారాడు. కథకు దుష్టుడు కావాలి, నిజమే. అయితే ఎవరిని దుష్టుడిగా ఎంచుకుంటున్నాం అన్నది కథకుడి ఇష్టం. ఆ ఇష్టాన్ని విమర్శించే హక్కు చూసేవాడికి ఉంది.

ధారావాహిక ముఖ్యంగా రెండు పాత పుస్తకాల మీద నిలబడింది. ఒకటి విశాఖదత్తుడి 'ముద్రారాక్షసం' నాటకం, రెండోది కౌటిల్యుడి 'అర్థశాస్త్రం'. రెండింటినీ బౌద్ధ పాఠకుడు తెరిచి చూడాలి.

'ముద్రారాక్షసం' మౌర్యుల తర్వాత ఆరేడు వందల ఏళ్లు దాటాక రాసిన నాటకం. అందులో చాణక్యుడు తాను సింహాసనం ఎక్కించిన చక్రవర్తిని పేరు పెట్టి కాదు, 'వృషల' అని పిలుస్తాడు. ఆ మాటకు శూద్రుడు అన్న అర్థం ఉంది. రాజుల్లో శ్రేష్ఠుడు అని సర్దిచెప్పిన వ్యాఖ్యాతలూ ఉన్నారు, అది వేరే సంగతి. రాజును గద్దె మీద కూర్చోబెట్టినా కులం గుర్తుచేస్తూనే ఉండే పిలుపది. అదే నాటకంలో జీవసిద్ధి అనే క్షపణకుడు ఉంటాడు. పైకి జైన సన్యాసి. నిజానికి చాణక్యుడు పంపిన గూఢచారి. శ్రమణ వేషం రాజ్యతంత్రానికి ముసుగుగా మారిందన్నమాట. ఇంకో సంగతి ఉంది. సంస్కృత నాటక సంప్రదాయంలో రాజులూ మంత్రులూ సంస్కృతం మాట్లాడతారు. ఆడవాళ్లు, సేవకులు, కింది పాత్రలు ప్రాకృతం మాట్లాడతాయి. మౌర్య చక్రవర్తులను ఆ సంప్రదాయంలో చూస్తే వాళ్ల నోట సంస్కృతమే వినిపిస్తుంది. అసలు అశోకుడు తన రాజ్యం పొడవునా మాట్లాడింది ప్రాకృతం. నాటకం పనివాళ్లకు ఇచ్చిన భాషలో చక్రవర్తి మాట్లాడాడు.

'అర్థశాస్త్రం' సంగతి ఇంకా తేటగా ఉంది. వందల ఏళ్లు కనుమరుగై ఉన్న ఆ గ్రంథం మైసూరులో ఆర్. శామశాస్త్రి చేతికి 1905లో దొరికింది. 1909లో అచ్చయింది. ఇప్పుడున్న రూపం మౌర్యుల కాలం తర్వాతదని చాలామంది పండితుల అభిప్రాయం. ప్రజల సుఖంలోనే రాజు సుఖం ఉంది అన్న భావం అందులో ఉంది, దాన్నే అందరూ గోడల మీద రాసుకుంటారు. మంచి భావమే. కానీ అదే పుస్తకం ఆ 'ప్రజల'ను ఎక్కడెక్కడ కూర్చోబెట్టిందో ఎవరూ గోడ మీద రాయరు. నగర నిర్మాణం చెప్పేచోట పాషండులూ చండాలురూ శ్మశానం అంచున ఉండాలంటుంది. పాషండులంటే వేదం ఒప్పుకోనివాళ్లు, అంటే మన భిక్ఖులు కూడా. దేవకార్యాల్లో, పితృకార్యాల్లో శాక్యులకూ ఆజీవకులకూ అన్నం పెట్టినవాడికి వంద పణాల జరిమానా అంటుంది. ఆ సన్యాసులను ఏమని పిలిచిందో చూడండి, 'వృషల' సన్యాసులని. నాటకంలో చంద్రగుప్తుణ్ణి పిలిచిన మాటే ఇక్కడ బుద్ధుని భిక్ఖులకు. నేరం చేసిన బ్రాహ్మణుణ్ణి చిత్రహింస పెట్టకూడదు, ముఖాన ముద్ర వేసి దేశం దాటించాలి అంటుంది. చాలా నేరాలకు వర్ణాన్ని బట్టి శిక్ష మారుతుంది.

ధారావాహికలో ఇవేవీ లేవు. గ్రంథంలోని తంత్రం తెరకెక్కింది, శ్మశానం అంచు ఎక్కలేదు. చాణక్యుడు ఏర్పాటు చేయబోయే ఆ ఏకరాష్ట్రంలో చండాలుడి ఇల్లు ఎక్కడుంటుందో ఒక్క దృశ్యం చూపించి ఉంటే, చూసేవాడు తన బుద్ధితో తాను తూచుకునేవాడు. ఆ అవకాశం ఇవ్వకపోవడమే ఈ ధారావాహికలో అన్నిటికన్నా పెద్ద లోపం. గురువును సామాన్యుడు కాడని చెప్పినప్పుడు, ఆ గురువు పేరు మీద ఉన్న పుస్తకంలో ఏముందో కూడా చెప్పాలి కదా.

దీనికి ఒక జవాబు వస్తుంది. అదంతా సరే, నాటకమంటే సంఘర్షణ, కుట్ర, పగ, ప్రతిజ్ఞ ఉండాలి, అశోకుడి శాసనాలతో నాటకం ఎలా ఆడతారు, చెట్లు నాటడం చూపిస్తే ఎవరు చూస్తారు అని. ఆ జవాబు ఎంతవరకు నిలుస్తుందో చూడటానికి మనకు ఇంకో ధారావాహిక ఉంది. కలర్స్ ఛానెల్లో 2015 ఫిబ్రవరి నుంచి 2016 అక్టోబరు దాకా 'చక్రవర్తిన్ అశోక సామ్రాట్' వచ్చింది. పేరు అశోకుడిదే. చిన్న అశోకుడిగా సిద్ధార్థ్ నిగమ్ చురుకుగా నటించాడు. కత్తి పట్టుకుని దూకిన ఆ కుర్రాణ్ణి చూసి పిల్లలు ముచ్చటపడ్డారు. కానీ కథ సింహభాగం అంతఃపురం కుట్రల్లోనే తిరిగింది. విషప్రయోగాలు, సవతి తల్లుల పన్నాగాలు, సింహాసనం కోసం అన్నదమ్ముల పోటీలు. వీటన్నిటి మధ్య అశోకుడికి చిన్నప్పుడే దారి చూపే గురువు ఎవరనుకున్నారు? చాణక్యుడే. అశోకుడి శాసనాల్లో ఎక్కడా లేని మనిషిని, మెగస్తనీసు రాతల్లో మనకు మిగిలిన ముక్కల్లో కూడా కనిపించని మనిషిని, తాతను గద్దె ఎక్కించినవాణ్ణి, మనుమడి గురుపీఠం మీద కూడా కూర్చోబెట్టారు.

ఇది చిన్న సౌకర్యం కోసం చేసిన మార్పు కాదు. అశోకుడు బాగుపడినా ఆ ఘనత కూడా గురువుకే పోవాలన్న అలవాటు. అశోకుణ్ణి మార్చింది కళింగలో తాను చూసిన శవాలు. ఆ తర్వాత ఆయన విన్నది బుద్ధుని ధమ్మం. ఆ మాట ఆయనే రాయి మీద చెప్పుకున్నాడు. ఇంకొకరు చెప్పనక్కర్లేదు. 'చాణక్య' గానీ, 2011లోనూ 2018లోనూ వేర్వేరు ఛానెళ్లు మొదలుపెట్టిన 'చంద్రగుప్త మౌర్య'లు గానీ, ఈ 'అశోక' గానీ, అన్నీ ఒకే చోట తిరుగుతాయి. సింహాసనం ఎలా దక్కింది అన్నదే వాటి కథ. దక్కిన సింహాసనం ఎవరికి జవాబు చెప్పింది అన్నది ఇంకో కథ. ఆ రెండో కథను మన టీవీ మొదలుపెట్టనే లేదు.

ఆ రెండో కథలో నాటకం లేదా? శాసనాలు చదివినవాడెవడూ ఆ మాట అనలేడు.

పదమూడవ శిలాశాసనం తీసుకోండి. పట్టాభిషేకం జరిగిన ఎనిమిదేళ్లకు కళింగను జయించానంటాడు. లక్షన్నర మందిని అక్కడినుంచి తరలించాం, లక్ష మంది చంపబడ్డారు, అంతకు ఎన్నో రెట్లు మంది చచ్చిపోయారని లెక్క చెప్తాడు. గెలిచిన రాజులు శత్రువుల తలలు లెక్కపెట్టుకుని గర్వంగా చెక్కించుకుంటారు. ఇక్కడ గెలిచిన రాజు అదే లెక్కను దుఃఖంగా చెక్కించాడు. చచ్చినవాళ్లకే కాదు, వాళ్లను ప్రేమించి బతికి మిగిలినవాళ్లకు జరిగిన బాధను కూడా లెక్కలోకి తీసుకున్నాడు. తెర మీద దీన్ని చూపాలంటే రాజు మోకాళ్ల మీద కూలి ఏడ్చే ఒక్క దృశ్యం చాలదు. ఒక రాజు తన నేరాన్ని తన రాజ్యమంతా రాళ్ల మీద చెక్కించమని ఆజ్ఞ ఇచ్చినప్పుడు సభలో మంత్రుల ముఖాలు ఎలా ఉన్నాయి? సేనాపతి ఏమన్నాడు? ఆ చర్చను రాయగల రచయితకు సంఘర్షణ వెతుక్కోవలసిన పని లేదు.

ఇంకా లోతుకు వెళ్దాం. ఆ పదమూడవ శాసనం కళింగలో లేదు. ధౌలిలోనూ జౌగడలోనూ దాన్ని వదిలేసి, దాని చోట వేరే రెండు శాసనాలు చెక్కించారు. మనుషులందరూ తన పిల్లలేననీ, తన పిల్లలకు కోరే మేలే అందరికీ కోరుతున్నాననీ వాటిలో చెప్పాడు. ఎవరినీ ఊరికే బంధించవద్దనీ హింసించవద్దనీ అధికారులను హెచ్చరించాడు. తిష్య నక్షత్రం రోజుల్లో ఆ మాటలు జనానికి వినిపించాలన్నాడు. ఆలోచించండి. తోసలిలో ఒక అధికారి నిలబడి చదువుతున్నాడు. ఎదురుగా తండ్రిని పోగొట్టుకున్న కొడుకు ఉన్నాడు, కొడుకు ఏ దేశానికి తరలిపోయాడో తెలియని తల్లి ఉంది. చక్రవర్తి మిమ్మల్ని పిల్లల్లా చూస్తున్నాడని ఆ అధికారి చదువుతున్నాడు. పశ్చాత్తాపాన్ని లోకమంతా చెప్పి, గాయపడ్డవాళ్ల ఎదుట మాత్రం ఎందుకు చెప్పలేదు? సిగ్గా, భయమా, పుండు మీద కారం ఎందుకన్న ఆలోచనా? ఇంతకన్నా పెద్ద నాటకం ఏ అంతఃపురంలో దొరుకుతుంది?

అశోకుణ్ణి దేవుణ్ణి చేయాలని ఈ మాటలు చెప్పడం లేదు. బుద్ధుని దారిలో మనిషిని మనిషిగానే చూడాలి. ఆ పదమూడవ శాసనంలోనే అడవి జాతులవాళ్లకు హెచ్చరిక కూడా ఉంది. చక్రవర్తి పశ్చాత్తాపపడ్డాడు గానీ శక్తి పోగొట్టుకోలేదు, మారకపోతే చావుకు సిద్ధపడాలి అన్న అర్థం వచ్చే మాట. తరలించిన లక్షన్నర మందిని వెనక్కి పంపానని ఆయన ఎక్కడా చెప్పలేదు. మరణశిక్షను రద్దు చేయలేదు. ఈ మచ్చలు కూడా తెర మీదకు రావాలి. మచ్చలతో సహా వచ్చే అశోకుడే నమ్మదగిన అశోకుడు. చాణక్యుడికి ఏ మచ్చా లేకుండా చూపిన తప్పునే మనం మన రాజుకూ చేయకూడదు.

అయినా తేడా ఎక్కడుందో తూకం వేసి చూడవచ్చు. నాలుగవ స్తంభశాసనంలో వ్యవహారంలో సమత, దండంలో సమత ఉండాలన్నాడు. మరణశిక్ష పడినవాడికి మూడు రోజుల గడువు ఇవ్వాలన్నాడు. ఆ సమత వర్ణాల మధ్య సమానతా, ప్రాంతాల మధ్య ఏకరూపతా అని పండితులు వాదించుకున్నారు. ఏ అర్థం తీసుకున్నా, వర్ణాన్ని బట్టి శిక్ష తగ్గించమన్న మాట అందులో లేదు. దాని పక్కన 'అర్థశాస్త్రం'లోని ముద్ర వేసి దేశం దాటించే బ్రాహ్మణుణ్ణి పెట్టి చూడండి. ఆరవ శిలాశాసనంలో తాను తింటున్నా, అంతఃపురంలో ఉన్నా, తోటలో ఉన్నా ప్రజల పని ఉంటే వచ్చి చెప్పమన్నాడు. ప్రజలకు తాను రుణపడి ఉన్నాననీ, ఆ రుణం తీర్చుకోవడానికే ఈ పాటు పడుతున్నాననీ చెప్పుకున్నాడు. గద్దె ఇచ్చిన గురువుకు రుణపడిన రాజు ఒకడు, ప్రజలకు రుణపడిన రాజు ఇంకొకడు. మన తెర మొదటివాడికి 47 భాగాలు ఇచ్చింది.

రాజ్యతంత్రం మీద బౌద్ధానికి కథలు లేక కాదు. మహాపరినిబ్బాన సుత్తం మొదలయ్యేదే రాజకీయంతో. మగధ రాజు అజాతశత్రువు వజ్జి గణం మీదికి యుద్ధానికి పోదలచి, మంత్రి వస్సకారుణ్ణి గృధ్రకూటానికి పంపుతాడు. ఆ మంత్రి బ్రాహ్మణుడు. బుద్ధుడు అతనికి నేరుగా జవాబివ్వడు. పక్కన విసురుతున్న ఆనందుణ్ణి అడుగుతాడు, వజ్జులు తరచుగా కలిసి సమావేశమవుతున్నారా, కలిసి పని చేస్తున్నారా, స్త్రీల మీద బలాత్కారం చేయకుండా ఉన్నారా అని. అవి నిలిచినంత కాలం వజ్జులు నిలుస్తారంటాడు. మంత్రి అదంతా విని ఏం నేర్చుకుని వెళ్తాడు? యుద్ధంతో వాళ్లు లొంగరు, చీలిస్తేనే లొంగుతారు అని. చాణక్యుడికి తాతలాంటివాడు ఈ వస్సకారుడు. ఒకే మాటను ఇద్దరు విన్నారు. ఆనందుడు కలిసి ఉండటం ఎలాగో విన్నాడు, మంత్రి విడగొట్టడం ఎలాగో విన్నాడు. 'అపర చాణక్యుడు' అని మనం పొగిడేది ఆ రెండో విద్యనే.

బాబాసాహెబ్ ఈ చరిత్రను మనకంటే ముందే చదివారు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ, ఈ దేశంలో ఒకప్పుడు గణరాజ్యాలు ఉండేవనీ, సభా నియమాలన్నీ భిక్ఖు సంఘాలకు తెలుసుననీ గుర్తుచేశారు. పూర్తి చేయకుండా మిగిలిపోయిన 'ప్రాచీన భారతంలో విప్లవం, ప్రతివిప్లవం' గ్రంథంలో మౌర్యుల తర్వాత పుష్యమిత్రుడి రాకను ప్రతివిప్లవంగా చూపించారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో దీక్ష తీసుకోవడానికి ఆయన ఎంచుకున్నది అశోక విజయదశమి. అధికారానికి పాఠం చెప్పమంటే ఆయన వెతికింది చాణక్యుడి గూఢచారుల్లో కాదు, భిక్ఖు సంఘం ఓటు వేసే పద్ధతిలో. మనం ఓటు వేసే పెట్టెకూ ఆ సంఘానికీ ఉన్న చుట్టరికం పిల్లలకు తెలియాలి. అదొక్కటీ తెలిస్తే 'అపర చాణక్యుడు' అన్న మాట వాళ్ల చెవికి పొగడ్తలా వినిపించదు.

ఈ ధారావాహికలను చూడవద్దని పిల్లలకు చెప్పకండి. చూడనివ్వండి. ద్వివేది పని నేర్పుగల పని, అందులో నేర్చుకోవలసింది ఉంది. అయితే పక్కన కూర్చుని మూడు ప్రశ్నలు అడగండి. ఈ రాజ్యంలో చండాలుడి ఇల్లు ఎక్కడ ఉంది? తప్పు చేసిన గురువును ఎవరు అడుగుతారు? గెలిచిన తర్వాత ఈ రాజు ఎవరికి లెక్క చెప్పాడు? తెర జవాబు చెప్పకపోతే, వాళ్లను ఒక ఆదివారం ఎర్రగుడికి తీసుకెళ్లండి. కర్నూలు జిల్లాలో గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఉంది. పద్నాలుగు శిలాశాసనాలూ ఆ బండల మీద ఉన్నాయి, కళింగ లెక్క చెప్పే పదమూడవదానితో సహా. పక్కనే ఉన్న చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కి ఉన్నాయి. ఆ చెక్కినవాడెవడో ఎందుకలా చెక్కాడో ఊహించమనండి. పిల్లలు ఊహిస్తారు.

మన సంఘాల్లో ఏటా జయంతికీ, దీక్షా దినానికీ నాటకాలు వేస్తున్నాం. వాటిలో అశోకుడు ఒకసారి వచ్చి, కత్తి పారేసి, చేతులు జోడించి వెళ్లిపోతాడు. ఈసారి తోసలిలో శాసనం చదివిన రోజును నాటకంగా రాయండి. వింటున్న తల్లికి ఒక్క మాట ఇవ్వండి, చదువుతున్న అధికారి దానికి జవాబు చెప్పాలి. పెద్ద సెట్లు అక్కర్లేదు, ఒక బండ చాలు. టీవీ వాళ్లు రాసేదాకా ఎదురు చూడవలసిన పని మనకు లేదు.